సకిమిన్ తాత బొటనవేలు

“ఇంత చక్కగా పురి విప్పే నెమలికి జబ్బేమిటి? నన్ను భయపెట్టకు తాతా!” అంది పక్కింటి సెకార్, చంకలోని పసిబిడ్డను గట్టిగా అదుముకుని. సకిమిన్ తాత ఒళ్లోని నెమలి రొమ్మును మరోసారి తడిమాడు. జావా దీవిలోని పొనొరోగో ఊళ్లో, ఆ వీధిలో పందొమ్మిదేళ్లుగా ఆ ఒక్క నెమలినే సాకుతున్నాడాయన. ఐదు రోజులకోసారి వచ్చే పోన్ సంతనాడు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, లుంగీ చెంగు దాని కళ్లకు కప్పి, ఈకల అడుగున రొమ్ము ఎముకను బొటనవేలితో తడుముతాడు. “పెళ్లాన్నెప్పుడైనా ఇంత ముద్దుగా పట్టుకున్నావా?” అని వీధివాళ్లు నవ్వితే, “ఒంట్లో బాగాలేకపోతే ఆవిడ ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. ఇది దాచుకుంటుందిరా” అనేవాడు.

ఈసారి కండ కరిగి ఎముక కత్తి అంచులా తగిలింది. “దొడ్లోకి కోళ్లొచ్చాయా?” అనడిగాడు. కింద పడ్డ గింజలు వృథా అవుతున్నాయని నెల రోజులుగా తన కోళ్లను అందులోకి తోలింది సెకారే. కోళ్ల కడుపులోని పురుగులు నెమలికి అంటుకుంటాయని జీవశాస్త్రం చదివిన తనకు తట్టనే లేదు. చెప్పేసి ఏడ్చింది. తాత తిట్టలేదు. నులిపురుగుల మందు పట్టించాడు, దొడ్లో మన్ను జానెడు లోతున తవ్వి మార్చాడు. నాలుగో పోన్ నాటికి ఎముక మీద కండ పట్టింది. ఆ రోజు నెమలిని ఆమె ఒళ్లో పెట్టాడు. “ఇదింకా ఐదారేళ్లు బతకాలి. నేనుంటానో లేదో!”

ఇప్పుడు ప్రతి పోన్‌నాడూ సెకార్ ముందు నెమలిని, తర్వాత బిడ్డను తడిమి చూసుకుంటోంది. తాత చెప్పింది అదే: “బాగున్నప్పుడే చేత్తో ఎరిగుండు అమ్మాయ్. తేడా వచ్చిన రోజు ముందు నీ చేతికే తెలుస్తుంది.”