సముద్రం మీద టెంకాయ

కమలాపురం తిమ్మయ్య బోరు పాయింట్లు చూపించే మనిషి. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని, చెప్పుల్లేకుండా చేనంతా తిరుగుతాడు. టెంకాయ లేచి నిలబడిన చోట బోరు వేయాలి. నీళ్లు పడితే తిమ్మయ్య చేతి చలవ, పడకపోతే రైతు తలరాత. అందుకే ఆయన చూపించిన బోరు ఇంతవరకూ ఒక్కటీ ఫెయిలు కాలేదు.

ఈ ఎండాకాలం సెలవుల్లో కూతురు శిల్ప ఆయన షష్టిపూర్తిని విశాఖపట్నంలో చేసింది. మర్నాడు కైలాసగిరి చూపించి, ఆపైన స్కూబా డైవింగని పడవెక్కించింది. గంగమ్మకు కొట్టమని భార్య కృష్ణవేణమ్మ టెంకాయ అందించింది. చేతిలోకి టెంకాయ వస్తే తిమ్మయ్య ఊరుకోలేడు. చెప్పులు విప్పి, కాయను అరచేతిలో పడుకోబెట్టి, కళ్లు మూసుకున్నాడు.

పడవ ఊగుతోంది. టెంకాయ మాత్రం అన్నం తిని పడుకున్న అల్లుడిలా కదల్లేదు.

"ఏమయ్యా, చుట్టూ ఇంత సముద్రం ఉండాది. నీ కాయకు నీళ్లే అగపడలేదా?" అంది కృష్ణవేణమ్మ.

తిమ్మయ్య కాయను పక్కన పెట్టాడు. రబ్బరు డ్రస్సు వేసుకుని, వీపుకు సిలిండరు తగిలించుకుని, నేర్పేవాడి చెయ్యి పట్టుకుని మునిగాడు. రంగురంగుల చేపలు ఆయన్ను చూసి పోయాయి గానీ, ఆయన వాటిని చూడలేదు. నేరుగా అడుక్కి పోయి, వేలి కణుపుతో కొట్టి చూసి, పైకొచ్చాడు.

"చూడు పాపా," అన్నాడు శిల్పతో, నోట్లోని గొట్టం తీసి. "టెంకాయ అబద్ధం చెప్పదు. అడుగంతా బండే. ఈడ బోరేస్తే దండగ."