సన్నదారం పొట్లాలు

అప్పలసూరి పొందూరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో ఆర్డర్లీ. కట్లు కట్టడం, సూదులు మరిగించడం, వానాకాలంలో డాక్టరుగారి గొడుగు వెతకడం అతని ఉద్యోగం. పద్దెనిమిదేళ్ల సర్వీసులో పగలగొట్టింది ఒక్క థర్మామీటరేనని గొప్పగా చెప్పుకునేవాడు. నిజానికి రెండు. రెండోది ఎవరికీ తెలియదని అతని ధీమా.

అరవై ఎనిమిదిలో విశాఖపట్నం నుంచి డాక్టర్ జగదీశ్వరిగారు వచ్చారు. బోదకాలు జ్వరానికి పాతమాత్ర మేలా, కొత్తమాత్ర మేలా అన్నది తేల్చడం ఆవిడ పని. ఎవరికి ఏ మాత్రో కుండలోంచి తీసిన చీటీ చెప్పాలి. అందుకు రెండువందల నలభైమంది కావాలన్నారు.

అప్పలసూరికి నవ్వొచ్చింది. "పదిమందికిచ్చి సూస్తే సాలదేటమ్మా?"

"పదిమందిలో ఆరుగురికి తగ్గితే అది మందు మహిమో, వాళ్ల అదృష్టమో ఎలా తెలుస్తుంది? తేడా కొండంత ఉంటే పదిమంది చాలు. ఈ రెండు మాత్రలకీ తేడా కొంచెమే. కొంచెం తేడా కనపడాలంటే చాలామంది కావాలి."

అతనికి ఎక్కలేదు. వరండాలో కేరేజీ పట్టుకుని కూర్చున్న అతని భార్య కూర్మమ్మకి ఎక్కింది. ఆమె నూలు వడుకుతుంది.

"నిజమే కదేటి. మోటునూలూ సన్ననూలూ అయితే కళ్లు మూసుకుని ఒక్క పోగు ముట్టుకుంటే సాలు. రెండూ సన్నవే అయితే? వంద సిలపల నూలు సూడకుండా ఏ రాట్నం మెరుగో ఎవులు సెప్తారు?"

జగదీశ్వరిగారు కలం కింద పెట్టారు. "ఇది నేను నాలుగేళ్లు చదివి నేర్చుకున్నానమ్మా."

"నాను ముప్పయ్యేళ్లు వడికి నేర్సుకున్నాను," అంది కూర్మమ్మ.

మాత్రలు రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉండేవి. ఏ పొట్లంలో ఏది ఉందో పంచే అప్పలసూరికే తెలియదు. వారానికోసారి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేవాడు.

గురమ్మ ఇంట్లో ఇద్దరు కోడళ్లకీ ఆ జ్వరం. గురమ్మ మాత్రలు చూడలేదు. పొట్లాలు కట్టిన దారాలు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఒరే అప్పలసూరీ, పెద్దకోడలి పొట్లానికి సన్నదారం, సిన్నకోడలిదానికి గోనెలు కుట్టే దారమా? మంచిమందుని ఎవులైనా గోనెదారంతో కడతారేటి?"

"సీటీలో అలాగే వచ్చింది పిన్నీ."

"నీ సీటీ అట్టుకెళ్లి నాగావళిలో కలుపు. ఇద్దరూ నాకొక్కటే."

ఊరొదిలి వెళ్లిపోయినవాళ్ల పొట్లాలు సంచిలో ఉన్నాయి. వాటిలోంచి ఒక సన్నదారం పొట్లం తీసి చిన్నకోడలికిచ్చేశాడు. అందరూ నూలు తెలిసినవాళ్లు ఉన్న వీధి అది. పై వారానికి ప్రతి గుమ్మంలోనూ దారాలు నలిగాయి. నెల తిరిగేసరికి పద్దెనిమిదిమందికి అలా మార్చేశాడు.

కూర్మమ్మ చిలపల మాట అప్పుడు గుర్తొచ్చింది. ఏ రాట్నం నూలు ఏదో తెలియకుండా తనే కలిపేశాడు. డాక్టరమ్మ పనంతా తన చేతుల్లో మునిగిపోయిందనుకున్నాడు. గురువారం జగదీశ్వరిగారు రాగానే భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని అంతా చెప్పేశాడు.

ఆవిడ తిట్టలేదు. రెండు పొట్లాలు తెప్పించి దారాలు చూశారు. పట్నంలో పాతమాత్రల పొట్లాలు ఒకరు, కొత్తమాత్రలవి ఇంకొకరు, ఎవరి చేతికందిన దారంతో వాళ్లు కట్టేశారు.

"మాత్రలు ఒక్కలాగ ఉండాలని ఆర్నెల్లు తంటాలు పడ్డాను. దారం చూసుకోలేదు," అన్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "ఎంతమంది?"

"పద్దెనిమిది. పేర్లు రాసుంచానమ్మా."

ఆవిడ తన లెక్కల పుస్తకం తెరిచారు. "అసలు లెక్కకి రెండువందలమంది చాలు. ఊరొదిలేవాళ్లు, మాత్ర మింగనివాళ్లు, ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చేవాళ్లు ఉంటారని ఇంకో నలభైమందిని కలిపాను. ఈ పద్దెనిమిదిమందినీ మొదట చీటీ ఎటు పంపిందో అటే రాస్తాను, జరిగింది కూడా రాస్తాను. తేడా కాస్త మసకబారుతుంది. ఆ మసక ముందే లెక్కలో ఉంది."

అప్పలసూరి ఆవిడ మొదటిరోజే గోడమీద రాయించిన రెండువందల నలభై అంకె వైపు చూశాడు. గురమ్మని, కోడళ్లని, తనని అప్పటికింకా చూడని మనిషి విశాఖపట్నంలో కూర్చుని వేసిన అంకె అది. అందులో తన తప్పుకి కూడా చోటుంది.

"నానిలాటి పని సేస్తానని అప్పుడే తెలుసేటమ్మా?"

"నువ్వని తెలీదు. ఎవరో ఒకరని తెలుసు."

అతనికి గుండె తేలికైపోయింది. ఆ ఊపులో నోరు జారాడు. "రెండో థర్మామీటరు కూడా నానే పగలగొట్టానమ్మా."

"అది మాత్రం లెక్కలో లేదు," అన్నారావిడ.

మిగిలిన పొట్లాలన్నీ కూర్మమ్మ విప్పి, తను వడికిన ఒకే నూలుతో మళ్లీ కట్టింది. ఆ వారం గురమ్మ రెండు దారాలూ చాలాసేపు నలిపింది, ఎండకి పెట్టి చూసింది, పంటితో కొరికింది. ఆఖరికి చీటీ చెప్పినట్టే చెరో పొట్లం కోడళ్ల చేతుల్లో పెట్టింది.