బుష్ ఓడిపోయిన రోజు

వజీరున్నీసాది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. భర్త పోయాక ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. తమ్ముడు మొహియుద్దీన్ అక్కడే, అదే వీధిలో మరో ఇంటికి డ్రైవరు. తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. యజమాని కారు తాళాలు ఇవ్వనన్నందుకు మొహియుద్దీన్‌ను సైనికులు జీపెక్కించుకుని పోయారు. మళ్ళీ కనబడలేదు. ఆమె ఒక్కతే ఎడారి గుడారాల్లో పడిగాపులు పడి, అమ్మాన్ చేరి, విమానంలో ఊరికొచ్చింది. మరుసటేడు ఫిబ్రవరిలో, అమెరికా అధ్యక్షుడు బుష్ యుద్ధం చేసి కువైట్‌ను విడిపించాడని రేడియోలో విని దర్గాలో చక్కెర పంచింది. తన తమ్ముడి తరఫున అడిగినవాడు ఆ ఒక్కడేనని ఆమె నమ్మకం.

తొంభై రెండులో మళ్ళీ పనికి, ఈసారి దోహా నగరానికి వచ్చింది. సుహా అనే లెక్కల టీచరు ఇంట్లో వంటపని. వాళ్ళది జోర్డాన్ అని ఏజెంటు చెప్పాడు. మేడం మాట్లాడే అరబ్బీ కువైట్ యాసకు దగ్గరగా ఉండటంతో ఇల్లు తొందరగా అలవాటైంది. ఈమెకు జ్వరమొస్తే మేడమే నుదుటిమీద తడిగుడ్డ వేసింది.

నవంబరులో ఒక బుధవారం సుహా బడినుంచి వస్తూనే వంటింట్లోకి దూరి, ఖర్జూరం కూరిన బిస్కెట్లు కాల్చింది. పక్క ఇళ్ళకు పంచిరమ్మంది. ఏం పండుగని అడిగితే, అమెరికాలో ఎన్నికల్లో బుష్ ఓడిపోయాడంది.

వజీరున్నీసా పళ్ళెం కింద పెట్టేసింది. అంతవరకూ ఆ ఇంట్లో చెప్పని తమ్ముడి సంగతంతా చెప్పి, మాకు న్యాయం చేసినవాడు ఓడితే మిఠాయిలా అని అడిగింది.

సుహా కుర్చీలో కూలబడింది.

"నాది జోర్డాన్ కాదు వజీరా," అంది. "బాగ్దాద్. ఇక్కడ చెప్పుకోడానికి భయపడ్డాను."

వజీరున్నీసా గోడదాకా వెనక్కి జరిగింది. ఇన్నాళ్ళూ వండి పెట్టింది ఆ సైనికుల దేశం మనిషికా!

"పోయినేడు ఫిబ్రవరిలో బాంబులకు భయపడి మా చెల్లెలు, దాని ఇద్దరు ఆడపిల్లలు అమీరియా పేటలో, జనం తలదాచుకునే షెల్టర్లో పడుకోడానికి వెళ్ళారు. బుష్ విమానాలు ఆ షెల్టరుమీదే బాంబులు వేశాయి. అందులో మిలిటరీ ఉందనుకున్నారట. అంతా కాలిపోయింది. పాతిపెట్టడానికి కూడా మాకేమీ దొరకలేదు."

వజీరున్నీసా చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచి, ఆ ఊళ్ళోనే నజ్మా పేటలో ఉండే పిన్నమ్మ కొడుకు ఖాసీం గదికి చేరింది. అతనూ ఇంటి డ్రైవరే. జరిగిందంతా విని, యుద్ధమంటే అట్లాగే ఉంటుందనీ, ఆ ఇల్లు వదిలేస్తే వేరే ఇల్లు చూస్తాననీ అన్నాడు.

"ఆ బిడ్డలు ఏం జేసినార్రా ఖాసీం?" అందామె. "ఆళ్ళు కాలిపోయిన నెలలోనే గదరా నేను చక్కెర పంచింది."

అతను తన చాప ఆమెకు వేసి, తను గుమ్మం బయట పడుకున్నాడు.

తెల్లారి తిరిగి వెళ్ళింది. బట్టల కోసం వచ్చిందనుకుని సుహా ఆమె పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టింది. వజీరున్నీసా దాన్ని లోపలికి తీసుకుపోయి, టీ నీళ్ళు పొయ్యిమీద పెట్టింది. ఆ మాట మళ్ళీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

జనవరిలో, బుష్ దిగిపోయే వారంలోనే, బాగ్దాద్ మీద మళ్ళీ క్షిపణులు పడ్డాయి. దిగిపోతూ కూడానా అని సుహా బిత్తరపోయింది. బాగ్దాద్‌కు ఫోను కలవలేదు. వజీరున్నీసా ఆమె పక్కనే కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నానికి లైను దొరికింది. సుహా తల్లి బతికే ఉంది. సుహా ఏడుస్తూ మాట్లాడి, ఉన్నట్టుండి రిసీవరు వజీరున్నీసాకు ఇచ్చింది.

"సుహా చెప్పింది. మావాళ్ళు ఎత్తుకుపోయింది నీ తమ్ముణ్ణేనా బిడ్డా?" అడిగింది ముసలామె. "పేరు చెప్పు. కువైట్ పక్కనున్న బస్రా జైళ్ళలో మా తమ్ముడి చేత అడిగిస్తాను."

వజీరున్నీసా మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి, మొహియుద్దీన్ పేరు చెప్పింది.

మొహియుద్దీన్ ఆచూకీ దొరకలేదు. ముసలామె మాత్రం తను పోయేదాకా, ఫోను చేసినప్పుడల్లా, ఇంకా అడిగిస్తున్నానని చెబుతూనే ఉండేది.