ఇత్తడి బిళ్ళలు, వజ్రాల గని

మూడు వారాల కింద మా రసాయనాల కంపెనీలో ప్రొడక్షన్ బ్లాకు ముందున్న టోకెన్ల బోర్డు పీకేశారు. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలు, మిషన్ గుర్తుపట్టి తలుపు తీస్తుంది. నా ముఖాన్ని మాత్రం రెండోసారికి గానీ గుర్తుపట్టదు, అద్దాలు తీయమంటుంది. పాత బోర్డు నిండా మేకులుండేవి. మనిషికొక ఇత్తడి బిళ్ళ, దాని మీద అతని నంబరు. లోపలికి పోతూ బిళ్ళ మేకుకు తగిలించాలి, బయటికి వస్తూ తీసి వాచ్‌మన్ డబ్బాలో వేయాలి. సైరన్ మోగితే అందరూ ఆ బోర్డు వైపే చూస్తారు. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి బయటపడ్డట్టే. వాచ్‌మన్ ఆ బిళ్ళలన్నీ గోనెసంచిలో పోస్తుంటే అడిగి రెండు ఏరుకున్నాను. నలభై ఒకటి, నలభై రెండు. రెండూ నావి కావు.

నా చదువు పదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. సెలవు దొరికితే పటాన్‌చెరులో బస్సెక్కి సంగారెడ్డి లైబ్రరీలో దిగేవాణ్ణి. తెలుగు అల్మారాలు దాదాపు పూర్తిచేసి, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాల మీద పడ్డాను. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది. చరిత్ర పుస్తకాల మధ్య ఒక లావుపాటి పుస్తకం దొరికింది. అట్ట మీద కోట బొమ్మ చూసి ఎవరో అక్కడ పెట్టి ఉంటారు. తీరా చూస్తే అది ఒక ఆట నేర్పే పుస్తకం. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు సూత్రధారి, కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, ఇప్పుడు నేను ఈ పని చేస్తానంటారు. ఆ పని అయిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మాకు ఏడు నెలలు పట్టింది, నాకూ డిక్షనరీకీ. ప్రతి పదిహేను రోజులకూ మళ్ళీ రాయించుకోవడానికి పోతుంటే లైబ్రరీ సారు విసిగిపోయాడు. "ఇంకెన్నిసార్లయ్యా? ఇల్లరికం తీస్కపోరాదు దాన్ని!"

ఆ ఆటకు ఇరవై ముఖాల పాచిక కావాలి. అది పటాన్‌చెరు బజారులో దొరకలేదు. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేసే మా బామ్మర్ది ఇరవై వాషర్ల మీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు కొట్టి తెచ్చాడు. వాటిని టిఫిన్ డబ్బాలో గిలకొట్టి, కళ్ళు మూసుకుని ఒకటి తీయడమే మా పాచిక. ఆదివారం మధ్యాహ్నాలు మా వరండాలో ఆట. సూత్రధారిని నేను, ఆడేది బామ్మర్ది, మామ, కాక. కాక, మామ ఇద్దరూ మా కంపెనీవాళ్ళే. నాకు వాళ్ళతో రక్తసంబంధం లేదు, పిలుపులే. నాకు ఒకరు కాక, అంటే బాబాయి, ఒకరు మామ కనుక వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. పదిహేనేళ్ళు ఒకే రియాక్టర్ మీద జోడీగా పనిచేశారు. తర్వాత ఒకరోజు గ్యాస్ లీకై మామ ఊపిరితిత్తులు చెడిపోయాయి. నిచ్చెన ఎక్కలేక స్టోర్‌కు మారాడు. ఆనాటి నుంచీ ఆయన టిఫిన్ సంచి మోసేది కాకే.

అలా ఎందుకు మోసేవాడో నాకొక్కడికే తెలుసు. కంపెనీ బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయిన ఒక సాయంత్రం, ముందు సీట్లో మామ దగ్గుతుంటే, కాక నా చెవి దగ్గర చెప్పాడు. షిఫ్టు దిగేటప్పుడు బోర్డు దగ్గర తోపులాట ఉంటుంది కనుక జోడీలో ముందు వచ్చినవాడు ఇద్దరి బిళ్ళలూ తీసేయడం మా దగ్గర అందరికీ అలవాటు. ఆ రోజు కాక ముందు వచ్చాడు, రెండూ తీశాడు. అప్పుడే సైరన్ మోగింది. బోర్డు ఖాళీగా ఉంది గనుక అందరూ బయటే ఉన్నారనుకున్నారు. గుంపులో మామ కనబడక కాక కేకలు వేసేదాకా లోపలికి ఎవరూ పోలేదు. బిళ్ళ ఊడి పడిపోయిందని తర్వాత కంపెనీవాళ్ళు రాసుకున్నారు, మామా అదే నమ్మాడు.

"గా బిళ్ళ తీసింది నేనే బిడ్డా. ఎవ్వనికీ చెప్పలే. ఆనికి గూడ."

నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఒక మాట ఇవ్వడమే.

పుస్తకంలోని తయారు కథలు రెండు ఆడాక, సొంతంగా ఒకటి రాయాలన్న ఆశ పుట్టింది. రచయిత తనకు తెలిసినదే రాయాలని ఎక్కడో చదివాను. నాకు తెలిసినది ఏదా అని వెతికితే కాక చెప్పినదే దొరికింది. రెండువందల పేజీల నోటుబుక్కు కొన్నాను. కంపెనీని వజ్రాల గని చేశాను, గ్యాసును భూతం ఊపిరి చేశాను, ఇత్తడిని రాగి చేశాను. ఇక ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. గని నోటి దగ్గర ఏడు మేకులు, ఏడూ ఖాళీ. కానీ లోపలి నుంచి ఎవరో గోడ కొడుతున్న చప్పుడు. అది ఎలా జరిగిందో ఆడేవాళ్ళు కనిపెట్టాలి. ప్రతి సాహసానికీ ఒక దుష్టుడు ఉండాలని పుస్తకం చెప్పింది కాబట్టి, బిళ్ళ తీసినవాణ్ణి ద్రోహిని చేశాను. వాణ్ణి రాజుకు పట్టిస్తే నూరు వరహాలు. నేనెవరికీ చెప్పడం లేదు, రాస్తున్నానంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ కథతో ఆడిన ఆదివారం ఆట బ్రహ్మాండంగా సాగింది. "బావా, నీ గనిల దయ్యాలకు ఓవర్‌టైం ఇస్తున్నరా?" అని బామ్మర్ది నన్ను ఆటపట్టిస్తే, మా ఆవిడ మిర్చిబజ్జీల పళ్ళెం పెడుతూ, "ముసలోళ్ళు గాబోతున్నరు, ఇంక దయ్యాలతోటేనా కొట్లాట?" అంది. కాక మాత్రం ఖాళీ మేకుల మాట వచ్చినప్పటి నుంచీ బజ్జీ ముట్టలేదు. అది నేను తర్వాత గుర్తుచేసుకున్నాను.

చిక్కు విప్పింది మామే. "ఆగుండ్రి, ఆగుండ్రి! మేకులు ఖాళీ. లోపట మనిషున్నడు. అంటే ఒగని బిళ్ళ ఇంకొగడు తీసిండు. వాడెవడో గాదు, పక్కపొంటి పనిచేసెటోడే!" అని కాక తొడ మీద చరిచాడు. "ఏం బావా, కరెక్టేనా?"

సూత్రధారికి ఒక అధికారం ఉంది. రాసుకున్నదాన్ని అప్పటికప్పుడు మార్చవచ్చు. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది ఆ మాట. గాలికి ఊడిపడిందనో, కోతి ఎత్తుకుపోయిందనో అంటే సరిపోయేది. కానీ నా మొదటి కథ పండిందన్న సంబరంలో, గొంతు పెంచి నోటుబుక్కు చదివాను: "అవును, అతడే ద్రోహి! స్నేహితుణ్ణి చీకట్లో వదిలి తాను వెలుగులోకి వచ్చాడు." చదివాకే తలెత్తి కాక ముఖం చూశాను.

"అసొంటోన్ని ఉరి తియ్యాలె!" అన్నాడు మామ నవ్వుతూ. "వరహాలు నాకియ్యి." ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. కాక అలవాటు ప్రకారం నీళ్ళ గ్లాసు అందించాడు. మామ తాగేదాకా వీపు రాశాడు. తర్వాత లేచి, "జెర పనుంది" అని నా వైపు చూడకుండా మెట్లు దిగాడు.

మళ్ళీ ఆటకు రాలేదు. నెల తిరగకముందే వేరే షిఫ్టు అడిగి తీసుకున్నాడు. మామ టిఫిన్ సంచి మామే మోసుకోసాగాడు. కనబడ్డప్పుడల్లా ఒకటే అడుగుతాడు. "నీ కథ మస్తుండె. గా కథ అయినంక బావ మల్ల రాకపాయె. నేనేమన్నంటినా వాన్ని?" ఏమీ అనలేదు మామా అంటాను. ద్రోహి లేకుండా ఆ కథను మళ్ళీ రాశాను. రెండోది మొదటిదానికన్నా బాగుంటుంది. ఆడడానికి ఎవరూ లేరు.

కాక ఇంటికి పోయాను, బిళ్ళలు ఏరుకున్న రోజే. ఆయన రిటైరై ఏడాదవుతోంది. క్షమించమని అడగడానికి బస్సులో ఎంతో మంచి వాక్యం కూర్చుకున్నాను. గడప దగ్గర దానికి బదులు రెండు బిళ్ళలూ చేతిలో పెట్టాను. అద్దాలు లేక కళ్ళకు దగ్గరగా పెట్టి నంబర్లు చదివాడు. నలభై ఒకటి గూట్లో పెట్టాడు. నలభై రెండు నాకే తిరిగి ఇచ్చాడు.

"ఆనిది ఆనికే ఇయ్యి బిడ్డా. ఒగని బిళ్ళ ఇంకొగడు ముట్టొద్దు."

టీ తాగి పొమ్మన్నాడు. తాగాను.

మామ కూడా రిటైరై లక్డారంలో ఇంటి దగ్గరే ఉంటున్నాడు. షేర్ ఆటోలో అరగంట కూడా పట్టదు. బిళ్ళ చేతిలో పెట్టగానే ఆయన మళ్ళీ ఏమడుగుతాడో నాకు తెలుసు. మూడు వారాలుగా నలభై రెండో నంబరు నా చొక్కా జేబులోనే ఉంది. అరగంట దారిలో మనిషి ఎంతకాలం ఉండిపోగలడో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.