ఇసుక బస్తాలకు లొంగని కారు

మీర్‌పేట్ రోడ్డులో నా మెకానిక్ షెడ్డుకు వచ్చే బండ్లన్నీ నాలాంటివే. బరువు పెడితే కుంగుతాయి, తీస్తే లేస్తాయి, మధ్యలో కిర్రుమని గొణుగుతాయి. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఈ మూడు ముక్కలతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. అందుకే ఆ నల్లకారు వచ్చిన రోజు దాని వెనక చక్రాల సందులోకి ఒకసారి తల దూర్చి చూసి, నమ్మలేక మళ్ళీ దూర్చాను. అది చూసి కారాయన కంగారుపడ్డాడు.

"ఏమైందండీ, పెద్ద సమస్యా?"

"సమస్య కాదు సార్. స్ప్రింగులే లెవ్వు. ఎవలన్న ఎత్కపోయిన్రా అని చూస్తున్న."

స్ప్రింగులు ఉండాల్సిన చోట రెండు రబ్బరు తిత్తులున్నాయి. లోపలంతా గాలి. అలాంటి కార్లుంటాయని విన్నాను గానీ ఒకటి నా ముందుకొచ్చి నిలబడటం అదే మొదలు.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కారు సెకండ్ హ్యాండ్‌ది. మొదటాయన గతుకుల చెలక దారిలో పొలానికి తిరగడానికి వెనకభాగం బాగా పైకి లేపించుకున్నాడట. ఆ ఎత్తు ఎవరికీ అడ్డం కాలేదు, ఈయన తల్లికి తప్ప. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. కాలు చాపుకోవాలంటే వెనక సీటే కావాలి, వెనక సీటేమో అరుగంత ఎత్తులో ఉంది.

ఆమెను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని నాకేసి చూసింది.

"చూడు బాబూ, వీడు నన్ను చంకల కింద చేతులేసి, గ్యాస్ బండని ఎత్తినట్టు ఎత్తి లోపల పెడుతున్నాడు. అలా అయితే నేనింక ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ రాను. ఇవాళ నా అంతట నేను ఎక్కానా సరే. లేదా, ఈ కారులో వీడే ఊరేగనీ."

"అమ్మా, ఊరికే అంటున్నావా..." అన్నాడు కొడుకు.

"నేనేదీ ఊరికే అనను" అందామె.

నేను పని నేర్చుకున్నది పెద్ద అంబర్‌పేట్‌లో లారీల దగ్గర. కొత్త లారీ వెనక్కి ఎత్తుగా నిలబడితే బస్తాలు వేసి కొన్నాళ్ళు తిప్పుతాం. కింది స్ప్రింగు పట్టీలు బరువు తెలుసుకుని సర్దుకుంటాయి. ఎత్తు దించడమంటే నాకు తెలిసింది అదే. పక్కన కడుతున్న బిల్డింగు దగ్గర అడిగి ఇసుక బస్తాలు తెచ్చి డిక్కీలో వేశాను. కారు చక్కగా కుంగింది.

"అయిపాయె సార్. గిట్లనే రెండ్రోజులు ఉంచున్రి" అన్నాను, చేతులు దులుపుకుంటూ.

నేను ఆ మాట ముగించకముందే కారు కడుపులో గుర్రుమని చప్పుడైంది. వెనకభాగం మెల్లగా, ఏ తొందరా లేకుండా పైకి లేచింది. ఎంత ఎత్తులో ఉండేదో సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. ఇంకో బస్తా వేశాను. మళ్ళీ గుర్రు, మళ్ళీ అదే ఎత్తు. చివరికి నేనే డిక్కీలో కూర్చున్నాను. నన్నూ ఎత్తింది. అంత మర్యాదగా నన్నెవరూ ఎత్తిపట్టుకోలేదు.

పెద్దావిడ నవ్వుకుంటూ ఒక మాట అడిగింది. "అది సరే గానీ, నువ్వు ఎక్కిన సంగతి దానికెవరు చెబుతున్నారయ్యా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజమే కదా, ఎవరో చెప్పాలి. దానికి కళ్ళున్నాయా, నడుముకి తెలుస్తుందా? బస్తాలు దించేసి, కారును షెడ్డులో కింద దూరి పనిచేసే గుంత మీదికి తెచ్చి, టార్చి పట్టుకుని కిందికి దిగాను.

"సార్, మీరు జర లోపట కూసోన్రి. మల్ల దిగున్రి. మల్ల కూసోన్రి."

"ఎంతసేపండీ?"

"నాకు సమజయ్యేదాంక."

పాపం, పంతులుగారు గుంజీలు తీసినట్టు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. "చిన్నప్పుడు తియ్యాల్సినవి ఇప్పుడు తీస్తున్నాడు" అని కుర్చీలోంచి వినబడింది. కింద నేను కదిలేదేమిటా అని వెతుకుతున్నాను. దొరికింది. పెన్సిలంత సన్నని కడ్డీ. ఒక కొస చక్రాన్ని పట్టుకున్న ఇనప చేతికి, ఇంకో కొస కారు ఒంటికున్న చిన్న నల్లడబ్బీకి. కారు కుంగితే కడ్డీ డబ్బీలోని మీటను నెడుతుంది, మీట కదిలితే పంపు తిత్తుల్లోకి గాలి కొడుతుంది. మొత్తం అంత పెద్ద కారూ ఆ పుల్లముక్క చెప్పిందే నమ్ముతోంది.

అయితే పుల్ల పొడవు మారిస్తే? దాని మరచుట్ల మీద నట్టు ఉంది. నట్టుకు కాస్త అవతల మర మీద పాత తుప్పు గీత. ముందు నట్టు అక్కడ ఉండేదన్నమాట. కారు లేపడానికి మొదటాయన జరిపించింది ఇదే.

నట్టు తిప్పాను, ఉత్సాహంలో గీత ఎటుందో చూసుకోకుండా. కారు ఇంకా పైకి లేచింది.

"బాబూ, ఇప్పుడు నిచ్చెన కూడా ఇస్తావా?" అందామె.

"ఆగున్రి అమ్మగారు, దానికి మన భాష ఇప్పుడిప్పుడే వస్తున్నది."

ఈసారి గీతను చూస్తూ వెనక్కి తిప్పాను. బుస్సుమని గాలి వదిలి కారు దిగింది. రెండో వైపుదీ అంతే తిప్పి, నట్లు బిగించి, టైరుకూ పైరేకుకూ మధ్య మూడు వేళ్ళు పెట్టి చూశాను. గీత దాటి ఇంకొంచెం దించమన్నాడు కొడుకు. రోడ్డు గుంతల్లో టైరు రాసుకుంటుందని వద్దన్నాను. ఇంత దించినా ఆమె ఎక్కలేకపోతే ఇక నా చేతిలో లేదు, అంతే.

ఆమె లేచింది. కొడుకు చేతులు చాపబోతే కర్ర అడ్డంపెట్టింది. తలుపు పట్టుకుని, వెనక్కి తిరిగి, సీటు అంచు మీద కూర్చుంది. ముందు మంచి కాలు, తర్వాత రెండు చేతులతో రెండోది లోపలికి తెచ్చుకుంది. కారు కొంచెం వంగి, గుర్రుమని సర్దుకుంది.

"పోనీ" అంది.

"ఇంటికేనా అమ్మా?"

"ఇంటికెందుకురా? మెట్రో కింద నుంచి తిన్నగా పోనీ."

నాకు ఆగబుద్ధి కాలేదు. ఎక్కడం చూశాం గానీ దిగడం చూడలేదు కదా. బైకు తీసి వెంటపడ్డాను. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా వెనక చక్రం మీదే కన్ను. ఎక్కడా రాసుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర జామకాయల బండి ముందు కారు ఆగింది. కొడుకు తన తలుపు తీసుకుని చుట్టూ తిరిగి వచ్చేసరికి, ఆమె రెండు కాళ్ళూ రోడ్డు మీదే ఉన్నాయి. కర్ర కారుకు ఆనించి, ఒక జామకాయను నొక్కి చూస్తోంది.

"ఇది పచ్చిది, ఇంకోటి తియ్యవయ్యా" అంటోంది.