జెండా పాతిన పక్కింటాయన, నా గోంగూర మడి

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మా అబ్బాయి ప్రసాదు ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పొద్దు. పోయిన శనివారం పట్టపగలు, కన్నకొడుకు ముందు, మనవరాలి ముందు, పరాయి పెద్దమనిషి ముందు నా పరువు నేనే తీసుకున్నాను. ఎవరూ తోయలేదు. నేనే పోయి పడ్డాను!

మేముండేది పరాయి దేశంలో, హామిల్టన్ ఊళ్లో, రోటోటూనా అనే పేటలో. ఇక్కడ ఇళ్లకి వెనకాల కంచె ఉంటుంది గానీ ముందర ఉండదు. మా గడ్డి ఎక్కడ అయిపోతుందో, పక్కింటి గడ్డి ఎక్కడ మొదలవుతుందో దేవుడికే తెలియాలి. మా కడప వైపు అయితే ఈపాటికి రెండు తలకాయలు పగిలుండేవి. ఆ మధ్యలో నేను గోంగూర మడి వేసుకున్నాను. ఎర్రకాడలతో మోకాలెత్తు లేచింది. ఇల్లు కొడుకుది, కారు కోడలిది. ఈ దేశంలో నాదీ అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మడి ఒక్కటే.

పక్కింటాయన పేరు ఏంగస్. స్కాట్లాండు మనిషి, డెబ్భై దాటుంటాయి. ఏడాదిలో సగం దేశాలు తిరుగుతుంటాడు. నేను మడి వేసినప్పుడు ఊళ్లో లేడు. తిరిగొచ్చిన మర్నాడే చేతిలో ఒక ఇనప కర్రతో బయటికొచ్చాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. తన గుమ్మం నుంచి నా మడి దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. గొంతుక్కూర్చున్నాడు. ఒక కన్ను మూసి, కర్రని మొహానికి ఎదురుగా వేలాడదీసి, నా గోంగూర వైపు గురి చూశాడు. వెనక జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆఖరికి మడి దాటొచ్చి, మా గుమ్మం వైపు ఒక చిన్న జెండా పాతాడు!

అడుగులతో కొలిచి, పుస్తకంలో రాసుకుని, జెండా పాతాడంటే ఏమిటమ్మా దానర్థం? నేను యాభై దాటినాక అక్షరాలు దిద్దినదాన్ని. అంతకుముందు అంతా, ఎవరో కొలవడం, ఎవరో రాసుకోవడం, మావాళ్లు వేలిముద్ర వేయడం. మరుసటేడు చూస్తే గట్టు జానెడు జరిగుండేది. అందుకే కొలిచి రాసుకునేవాళ్లని నేను నమ్మను.

"ఒరే ప్రసాదూ, ఆయన సర్వే చేస్తున్నాడురా. మడి పోతుంది!"

"అమ్మా, ఆయన ప్రొఫెషనల్ గోల్ఫ్ ప్లేయరమ్మా. ఇప్పుడు టీవీలో కామెంటరీ చెప్తాడు. ఏదో ప్రాక్టీస్ చేసుకుంటున్నాడు, వదిలెయ్."

"ఆడుకునేవాడికి పుస్తకమెందుకురా?"

"నాకు మీటింగ్ ఉందమ్మా."

జవాబు లేనప్పుడే వీడికి మీటింగ్ వస్తుంది.

రెండోరోజు ఇంకా ఘోరం. పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, మడి చుట్టూ తిరుగుతూ, గుసగుసగా ఏదో చెప్పుకుంటున్నాడు. మంత్రమా? ఎవరికైనా కబురా? ఆకు కోసే నెపంతో బయటికి పోయాను. నన్ను చూడగానే ఆపేసి, తల వంచి నవ్వాడు. తప్పు లేనివాడు ఎందుకు ఆపుతాడు?

అప్పుడు మా మనవరాలు మేఘన ఫోన్ పట్టుకొచ్చింది. పదకొండేళ్లది. "అవ్వా, లుక్. ఇతనే. హి వాజ్ ఫేమస్!"

చూశాను. ఎర్రజుట్టు కుర్రాడు, ఈదురుగాలి, వాన. వాళ్ల నాన్న గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసేవాడంట. ఈ పిల్లాడు పెద్దోళ్లు పోగొట్టుకున్న బంతులు వెతికి ఆట నేర్చుకున్నాడంట. ఒక వీడియోలో కప్పు ముద్దు పెట్టుకుంటున్నాడు. ఇంకో దాంట్లో బంతి గుంటకి జానెడు దూరంలో ఉంది. చుట్టూ జనం ఊపిరి బిగబట్టారు. కొట్టాడు. బంతి గుంట అంచు దాకా పోయి, లోపలికి తొంగి చూసి, పక్కకి వెళ్లిపోయింది!

"అంత దగ్గర్నుంచా? నేను చీపురుతో నెట్టినా పడేదే!"

"దాని తర్వాత చిన్న షాట్ అంటే చేతులు వణికేవంట అవ్వా. అందుకే ఆట స్టాప్ చేసి టీవీకి వెళ్లాడు."

తర్వాతి వీడియోలో జుట్టు తెల్లబడింది, చెవులకి డిప్పలు పెట్టుకున్నాడు. నోటి దగ్గర పిడికిలికి బదులు మైకు, అదే గుసగుస.

"గట్టిగా చెప్పొచ్చుగా?"

"ప్లేయర్స్‌కి డిస్టర్బ్ అవుతుంది!"

మా ఊళ్లో రేడియోలో క్రికెట్ చెప్పేవాడి కేకలకి టీకొట్టు రేకులు అదిరేవి. గుసగుసలాడితే జీతమిచ్చే ఉద్యోగం కూడా లోకంలో ఉందా అని ఆ పూటంతా ఆశ్చర్యపోయాను. ఆయన మీద జాలి కూడా వేసింది. సాయంత్రానికి మళ్లీ అనుమానం. జానెడు దూరంలో అంతా పోగొట్టుకున్నవాడికి జానెడు నేల మీద ఎంత ఆశ ఉంటుందో నాకు తెలియదా?

మర్నాడు పొద్దున్నే, ఆయన లేవకముందే, జెండా పీకి ఆయన గుమ్మం దగ్గర గుచ్చాను. పెరట్లో తెల్లరాళ్లు మోసుకొచ్చి మడికి అవతల వరసగా పేర్చాను. నడుము పట్టేసింది గానీ గట్టు నిలిచింది.

ఆయన లేచి వచ్చాడు. రాళ్లు చూశాడు, చుట్టూ తిరిగాడు, మళ్లీ పుస్తకం తీశాడు. కిటికీలో నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు! గట్టు రాళ్లు పెడితే భేష్ అనేవాడిని ఎక్కడైనా చూశారా? కోర్టు కాగితాలు సిద్ధం చేసుకున్నవాడే అట్లా నవ్వుతాడు.

ఇక లాభం లేదని శనివారం పట్టుబట్టాను. "కొలిస్తేగానీ నేను అన్నం ముట్టను."

ప్రసాదు తల పట్టుకుని ఇంటి ప్లానూ టేపూ తీసుకుని బయటికొచ్చాడు. ఆ సందడికి ఏంగస్ గారు చెప్పులీడ్చుకుంటూ, టీ కప్పుతో వచ్చి నిలబడ్డారు.

"ముందు ఆ పుస్తకం చూపించమను."

ప్రసాదు నసుగుతూ అడిగాడు. ఆయన సంతోషంగా తీసి ఇచ్చేశారు. మా రెండిళ్ల గడ్డి బొమ్మ. అడుగుల లెక్కలు. నా రాళ్లు. ఎర్రపెన్నుతో నా మడి. ఆ వెనక మా వంటింటి కిటికీ, అందులో కళ్లద్దాలు పెట్టుకున్న ఒక గుండ్రటి మొహం. దాని పక్కన ఏవో పెద్ద అక్షరాలు. మేఘన నేర్పిన ఇంగ్లీషు అక్షరాలే కదా అని వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. డేంజర్!

ఆయన మొహం ఎర్రగా చేసుకుని ఏదో సర్దిచెప్పారు. ప్రసాదు నవ్వాపుకోలేక చెప్పాడు. "బంతి అటు పోతే ఇక తిరిగి రాదని రాసుకున్నాడంటమ్మా."

అబద్ధమేం కాదు. మడిలో పడ్డ ఆయన బంతులు మూడు నా బియ్యం డబ్బాలో ఉన్నాయి. సాక్ష్యం కోసం దాచాను.

అక్కడితో ఆగుంటే సగం పరువైనా దక్కేది. ఆగితే నేనెందుకవుతాను? "పుస్తకం సరే. కొలవండి" అన్నాను.

ప్లాన్ చూసి టేపు లాగి, ప్రసాదు గడ్డిలో పారతో కెలికాడు. ఠంగుమంది. హద్దు పెగ్గు, సర్వేవాళ్లు పాతిన మేకు! నా మడికి అవతల కాదు. ఇవతల. మా గుమ్మం వైపు, మూరెడు దూరంలో.

"అమ్మా... మడి మొత్తం ఆయనదేనమ్మా."

"సరిగ్గా కొలువురా!"

"మూడుసార్లు కొలిచానమ్మా."

మేఘన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అవ్వా, యూ స్టోల్ హిజ్ ల్యాండ్!"

నాకు నేల చీలిపోతే బాగుండనిపించింది. చీలినా అది ఆయన నేలే కదా! చేతులు జోడించి, "ఆయనకు ముందే తెలుసునేమో అడుగు" అన్నాను.

ప్రసాదు అడిగాడు. తిరిగొచ్చిన రోజే తెలుసంట. మరి ఎందుకు ఊరుకున్నాడు? ఆయన గుసగుసలాడే గొంతుతోనే చాలాసేపు చెప్పారు. ప్రసాదు నవ్వడం మానేశాడు.

"ఆ మొక్కలు దాటించి జెండా దగ్గర బంతి పడేలా చిన్న షాట్ కొట్టడం చాలా కష్టమంటమ్మా. రోజూ అదే కొడుతుంటే ముప్పై ఏళ్లుగా ఉన్న చేతుల వణుకు కొంచెం తగ్గుతోందంట. నువ్వు రాళ్లు పెట్టినాక ఇంకా బాగుందంట. దయచేసి ఏదీ తీయొద్దంటున్నాడు."

మూడు బంతులూ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చెయ్యి నిజంగానే వణుకుతోంది.

ఇప్పుడు వారానికో కట్ట గోంగూర ఆయన గుమ్మం దగ్గర పెట్టి వస్తున్నాను. దాన్ని వండుకుంటాడో, పూలకుండీలో పెట్టుకుంటాడో తెలియదు. అయినా కౌలు కౌలే! మోసపోయి భూమి పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను గానీ, అన్నం మానేసి, కొడుకు చేత టేపు పట్టించి, ఎదుటివాడు అడక్కపోయినా కొలిపించి మరీ పోగొట్టుకున్నది మాత్రం నేనొక్కదాన్నే.