తీగ మీద తాంబూలం

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. వట్లూరు దారిలో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కనబడిందని మా మేనత్త వణికిపోతూ చెబితే, చీరకి అంచు ఏ రంగండీ అని అడిగినవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అయినా ఈ ఒక్కటీ నా చెవులారా విన్నాను కాబట్టి చెబుతున్నాను.

పందొమ్మిది వందల యాభైల్లో నేను తాడేపల్లిగూడెం పక్కన ఒక ఊళ్ళో తంతి గుమస్తాని. అప్పట్లో టెలిగ్రాం అంటే వట్టి టక్కుటక్కుల చప్పుడే. బల్ల మీద సౌండర్ అనే చిన్న ఇత్తడి యంత్రం కొట్టుకుంటూ ఉంటే, ఆ చప్పుళ్ళని ఇంగ్లీషు అక్షరాలుగా విని రాసుకోవాలి. బాగా వినబడాలని దాని వెనక ఖాళీ సిగరెట్ డబ్బా ఒకటి పెట్టేవాళ్ళం. తెలుగు మాటలైనా ఇంగ్లీషు అక్షరాల్లోనే వచ్చేవి.

ఈ పనిలో ఒక్కొక్కరికీ ఒక్కో చేతివాటం ఉంటుంది. దొంగతనం మాట కాదు లెండి, తంతి పంపే మీట, అదే కీ, దాని మీద కొట్టే తీరు. దాన్ని బట్టి అవతల కూర్చున్నది ఎవరో ఇట్టే చెప్పేయొచ్చు.

ఏలూరు నుంచి నాకు తంతులు పంపేది సోమయాజులు మాస్టారు. నాకు పని నేర్పింది ఆయనే. వార్త పూర్తయ్యాక ఆయన కీ మీద చిటుకూ చిటుకూ అని రెండు తేలిక దెబ్బలు వేసేవారు. వాటికి అర్థం లేదు, రూల్సు ఒప్పుకోవు కూడా. అదేమిటండీ అని అడిగితే, "ఇంటికొచ్చినవాళ్ళని తాంబూలం ఇవ్వకుండా పంపుతామా ఏమిటయ్యా" అన్నారు. ఇంకెవరూ అలా కొట్టగా నేను వినలేదు.

ఒక ఏడాది వేసవిలో ఆయన జబ్బుపడి, సెలవులో ఉండగానే పోయారు. ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తాయన మంచివాడే. కానీ ఆ రెండు దెబ్బలూ లేక నాకు చాలా రోజులు దిగులుగా ఉండేది.

ఆ వానాకాలం చివర్లో కొల్లేటి లంకల్లో కలరా అని చెప్పుకున్నారు. మా ఊళ్ళో చేపల వ్యాపారం చేసే పోలయ్యగారి కూతురు రత్నం పురిటికి వచ్చి ఉంది. అత్తవారిది కొల్లేటి నడుమ ఒక లంక. చంటిపిల్లకి మూడో నెల వచ్చినా పిలుపు రాలేదు. జబ్బు వాళ్ళ లంక దాకా వచ్చిందో లేదో తెలియదు. పిల్లనెత్తుకుని రమ్మంటావా వద్దా అని రత్నం మొగుడికి ఉత్తరం రాయించింది. జవాబు కోసం పోలయ్యగారు రోజూ మా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవారు.

ఒక మధ్యాహ్నం ఏలూరు నుంచి రత్నం పేరు మీద తంతి వచ్చింది. చిరునామా అయ్యాక ఆర్, ఏ, ఏ అని పడింది. ఆ వెంటనే కే.

మాలో ఒక కట్టుబాటు ఉంది. చెప్పేది అయిపోతే కే అని కొడతారు. నా మాట అయింది, ఇక నువ్వు చెప్పు అని దానర్థం. కాబట్టి వచ్చిన మాట 'రా'. అందింది అని నేను గబగబా జవాబు కొట్టేశాను. ఒకే తీగ మీద ఇద్దరూ ఒకేసారి కొడితే అవతలివాళ్ళది వినబడదు. కవరు అంటించి బంట్రోతు చేత పంపించాను. పాపం, ఆ పిల్ల సంతోషిస్తుందని నాకూ సంతోషం వేసింది.

తర్వాత క్యారియర్ విప్పి అన్నం కలుపుకుంటున్నాను. సౌండర్ పలికింది. కే, యూ. కాస్త ఆగి మళ్ళీ కే, యూ. ఆపైన రెండు తేలిక దెబ్బలు.

నాకు భయం వెయ్యలేదు. ముందు, అమ్మయ్య మాస్టారు సెలవు నుంచి వచ్చేశారు అనుకున్నాను. ఆయన పాడెకి భుజం పట్టినవాణ్ణి, ఆ సంగతే గుర్తులేదు. గుర్తొచ్చాక ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. అప్పుడు వెలిగింది. రా పక్కన కే, యూ చేరిస్తే రాకు. ఆ యూ నా జవాబు చప్పుడులో మునిగిపోయి ఉంటుంది.

ఎంగిలి చెయ్యి పంచెకి తుడుచుకుని ఏలూరుని పిలిచాను. కొత్తాయన ఇంకో బల్ల దగ్గర ఉన్నాడట, ఆలస్యంగా పలికాడు. ఇందాకటి తర్వాత కీ ముట్టుకోలేదన్నాడు. తంతి మళ్ళీ పంపమన్నాను. రాకు అనే వచ్చింది.

డ్యూటీలో బల్ల వదిలి వెళ్ళకూడదు. తాళం వేసి పరిగెత్తాను.

రత్నం ప్రయాణానికి సిద్ధంగా ఉంది. పిల్ల బుగ్గన దిష్టిచుక్క పెడుతోంది. బండి గుమ్మంలో ఉంది. నేను చెబితే ముందు నమ్మలేదు. "ఇందాక రమ్మన్నారు కదండీ" అంది. కళ్ళనిండా నీళ్ళు. పోలయ్యగారు పెట్టె మళ్ళీ లోపల పెట్టారు.

జబ్బు సద్దుమణిగాక అల్లుడే వచ్చాడు, చిక్కి సగమై. ఆ ఇంట్లో తల్లీ, తమ్ముడూ పోయారు. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, అన్నానికి లేవమన్నా దించలేదు.

లైన్‌మన్‌ని అడిగితే గాలికి తీగలు రాసుకుని ఉంటాయన్నాడు. గాలి అక్షరాలు కొడుతుందా అంటే నవ్వి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత ఏలూరు వెళ్ళినప్పుడు మాస్టారి భార్యకి జరిగింది చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఒక్కటే అడిగారు.

"చెయ్యి వణికిందా బాబూ?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారావిడ. జబ్బులో ఆయన కుడిచేతికి వణుకు పట్టిందట. ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట. మంచం పట్టె మీద చెంచాతో కొట్టుకుని చూసేవారట. ఒక్క అక్షరం కూడా సరిగ్గా పడక, ఇక నేనెందుకూ పనికిరాను కామాక్షీ అని ఏడ్చేవారట.

"లేదండీ అమ్మగారూ. ముత్యాల్లా పడ్డాయి" అన్నాను.

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆ వేళ ఆ తీగ మీద కొట్టిందెవరో నేను ఇప్పటికీ చెప్పలేను. ఎవరైనా చెబితే వింటాను. ఆవిడకి నేను చెప్పింది మాత్రం ఓదార్పు మాట కాదు. విన్నదే చెప్పాను.